స్వల్పవ్యయముతో గోకార్టు పందెము

వేగమందు మక్కువ బాల్యమునకు సహజము. మన తాతలు జాతరలలో ఎడ్లబండ్ల పరుగు చూచి కేకలు వేసిరి. మన తండ్రులు గంటకింతయని బాడుగ యిచ్చి సైకిలు తెచ్చుకొని, గంట ముగియులోపల ఊరంతయు చుట్టివచ్చిరి. నేటి బాలునకు ఇంటిలో మోటారుసైకిలు తాళపుచెవి యే మేకునకు వ్రేలాడుచున్నదో పాఠముకంటె చక్కగా జ్ఞప్తియందుండును. ఈ మక్కువను అణచివేయుట ఎవరి తరమును కాదు. దానికి తగిన త్రోవ చూపుట మాత్రము పెద్దల చేతిలోనున్నది. అట్టి త్రోవలలో గోకార్టు పందెమొకటి. ఇది ధనవంతుల వినోదమని పలువురి తలంపు. అందు కొంత నిజము లేకపోలేదు. అయినను జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వంటి ఊళ్లలోని సామాన్య గృహస్థుని బిడ్డ యీ క్రీడలో నెట్లు ప్రవేశింపవచ్చునో, ఎచ్చట పైకము మిగుల్చుకొనవచ్చునో, ఎచ్చట మిగుల్పరాదో వివరించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట గోకార్టు అననేమో తెలిసికొందము. 1956వ సంవత్సరమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఆర్ట్ ఇంగెల్స్ అను పందెపుకార్ల పనివాడు, గడ్డికోత యంత్రములకై తయారైన చిన్న ఇంజనును ఇనుపగొట్టముల చట్రమునకు బిగించి, నాలుగు చిన్నచక్రములపై నడిపెను. లోకములోని మొదటి కార్టు అదియే. కనుక ఈ క్రీడ పుట్టినది ధనికుని మేడలో కాదు, పనివాని షెడ్డులో. నేటికిని దాని స్వరూపము పెద్దగా మారలేదు. ఒక చట్రము, ఒక ఆసనము, ఒక ఇంజను, ఒక బ్రేకు, నాలుగు చక్రములు, అంతే. పైకప్పు లేదు, తలుపు లేదు, స్ప్రింగులు లేవు. నడుపువాడు నేలకు కొద్ది అంగుళముల ఎత్తున కూర్చుండును. బరువంతయు నేలకు దగ్గరగా నుండుటచేత మలుపులలో బండి సులభముగా బోర్లపడదు.

ఈ బండియందొక విచిత్రము కలదు. కారు మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము ఎక్కువదూరమును, లోపలి చక్రము తక్కువదూరమును తిరుగవలసియుండును. అందుకై కారు వెనుక ఇరుసున డిఫరెన్షియల్ అను పండ్లచక్రముల అమరికయుండి, రెండు చక్రములకును వేర్వేరు వేగములనిచ్చును. కార్టునకు అది లేదు. వెనుకచక్రములు రెండును ఒకే ఇరుసునకు బిగింపబడి ఒకే వేగమున తిరుగును. మరి మలుపెట్లు తిరుగును? ముందుచక్రములను తిప్పినప్పుడు, వాని అమరికలోని వంపువలన చట్రము కొంచెము మెలితిరిగి, లోపలివైపు వెనుకచక్రము నేలనుండి రవంత పైకి లేచును. అప్పుడు బండి మూడు చక్రములపై మలుపు దాటును. నడుపువాడు తొందరపడి చక్రమును ఒక్కమారుగా త్రిప్పెనా, టైర్లు నేలపై ఈడ్వబడి వేగము హరించిపోవును. ఓర్పుతో సరియైన గీతపై తిప్పినవాడు చిన్న ఇంజనుతోనే పెద్ద ఇంజనువానిని మించును. కాబట్టియే కార్టు మంచి ఉపాధ్యాయుడని నా యభిప్రాయము. తప్పుచేసిన వెంటనే శిక్షించును, సరిచేసికొన్న వెంటనే బహుమతినిచ్చును.

స్వల్పసాధనములతో ఈ క్రీడలో పైకివచ్చినవారు లేకపోలేదు. జర్మనీదేశపు మైకేల్ షూమాకర్ తండ్రి ఇటుకలు పేర్చు తాపీపనివాడు. కుమారునికి నాలుగేండ్ల వయసున, కాళ్లతో త్రొక్కు బొమ్మబండికి చిన్న మోటారుసైకిలు ఇంజను నమర్చెను. బాలుడు దానిని వీథిలో నడిపి దీపస్తంభమునకు ఢీకొట్టెను. తండ్రి బండిని విరుగగొట్టలేదు. బాలుని కెర్పెన్ పట్టణమునందలి కార్టు పథమునకు తీసికొనిపోయెను. ఇతరులు పారవేసిన భాగములతో బండి కట్టియిచ్చెను. ఇతరులు వాడి విడిచిన టైర్లతో అభ్యసించిన ఆ బాలుడు తరువాత ఏడుమార్లు ఫార్ములా వన్ ప్రపంచవిజేత యయ్యెను. ఇంగ్లాండునందలి లూయిస్ హామిల్టన్ ఎనిమిదవయేట కార్టు నెక్కెను. అతని తండ్రి కుమారుని పందెముల ఖర్చులకై ఒకేకాలమున పలు కొలువులు చేసెను. అతడును ఏడుమార్లు ప్రపంచవిజేత.

అంతదూరమేల? మన పొరుగుననున్న తమిళనాడును చూడుడు. కోయంబత్తూరుకు చెందిన యస్. కరివర్ధన్, విదేశపు పందెపుకార్లు మనవారికి అందవని గ్రహించి, సాధారణమైన మారుతి 800 కారు ఇంజనుతో ‘ఫార్ములా మారుతి’ అను ఒంటిసీటు పందెపుకారును తక్కువ వెలకు రూపొందించెను. 2005వ సంవత్సరమున ఫార్ములా వన్ పందెమున పాల్గొన్న మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ తన మొదటి పందెమును ఆ ఫార్ములా మారుతిలోనే నడిపెను. కరివర్ధన్ 1995లో విమానప్రమాదమున మరణించెను. కోయంబత్తూరు సమీపమున చెట్టిపాళెమునందలి కరి మోటార్ స్పీడ్‌వే పథము అతని పేరనే వెలసినది. చేతికందిన ఇంజనుతో పని నెరవేర్చుకొనుట అవమానము కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఇక మన పిల్లలు ఎక్కవలసిన మెట్లు చెప్పెదను.

మొదటి మెట్టు బేరింగుబండి. మెకానిక్కు షెడ్డులో పారవేసిన పాత బేరింగులు నాలుగు, ఒక పలక, రెండు అడ్డకఱ్ఱలు, ముందుకఱ్ఱను త్రిప్పుటకొక త్రాడు. దీనికి పైకముతో పనిలేదు. ఇంజను లేని యీ బండి వాలుమీద తనంతట తానే పోవును. మా పాఠశాల బాలురు కొందరు ఒక వేసవిలో ఇట్టిదానిని కట్టిరి. పలకకు రంగు వేసిరి, పేరు వ్రాసిరి, జెండా కట్టిరి. బ్రేకు మాత్రము పెట్టలేదు. వాలు చివర గోడ యున్నది. ముందు కూర్చున్న బాలుని మణికట్టు విరిగినది. ఆ బండిని చూచి నేను నొచ్చుకొంటిని. ఏలయన వారు దానిని కట్టుచున్నప్పుడు నేను ప్రక్కనుండి చూచియు, రంగు బాగున్నదంటినేగాని బ్రేకు ఏదియని అడుగలేదు. ఆ చేయి నయమైన పిదప ఆ బాలురే ఒక కఱ్ఱమీటకు పాత సైకిలు టైరు ముక్కను కొట్టి, లాగినప్పుడు అది నేలను రాచుకొని బండి నిలుచునట్లు చేసిరి. దానికైన ఖర్చు నాలుగు మేకులు. ఈ క్రీడయందలి మొదటి పాఠము వారు ఆనాడు నేర్చిరి: పరుగెత్తుటకు ముందు నిలుచుట నేర్వవలెను.

రెండవ మెట్టు బాడుగబండి. హైదరాబాదు నగరమునందును, దాని పరిసరములందును బాడుగకు కార్టులనిచ్చు పథములు కలవు. జనగామనుండియు మహబూబాబాదునుండియు సికిందరాబాదునకు రైలు కలదు. భూపాలపల్లివారు పరకాల మీదుగా హనుమకొండకు బస్సులో వచ్చి, కాజీపేటలో రైలెక్కవచ్చును. ఇచ్చట కొద్ది నిమిషముల పరుగునకు కొన్ని వందల రూపాయలు పుచ్చుకొందురు. ఆ నిమిషములను వృథాచేయకుడు. ముందుగా పథము వెలుపల నిలిచి అరగంటసేపు ఇతరుల పరుగు చూడుడు, చూచుటకు రుసుములేదు. ఎవడు మలుపునకు ముందే తిన్ననిబాటలో బ్రేకు వేయుచున్నాడో, ఎవడు మలుపు నడుమ వేసి గిరగిర తిరుగుచున్నాడో గమనింపుడు. మలుపు వెలుపలి అంచునుండి ప్రవేశించి, నడుమ లోపలి అంచునకు చేరి, మరల వెలుపలి అంచునకు సాగుట మంచిత్రోవ. అట్లు పోయినచో వంపు విశాలమగును, వేగము నిలుచును. పరుగు ముగియగానే ప్రతి చుట్టు కాలమును ఒక పుస్తకమున వ్రాసికొనుడు. మరియొకరిని జయించుటకంటె, మొన్నటి మీ కాలమును జయించుట చౌకయైన పందెము.

మూడవ మెట్టు సొంతబండి. క్రొత్తగా కొన్న 125 సీసీ పోటీకార్టునకు కొన్ని లక్షల రూపాయలగును. అది మన ఆలోచనలోనికి రానక్కరలేదు. పాలిటెక్నిక్, ఇంజనీరింగు విద్యార్థులు జట్లుగా చేరి, పాత మోటారుసైకిలునుండి 100 మొదలు 150 సీసీల ఇంజనును తీసి, గొలుసుతో వెనుక ఇరుసునకు కలిపి, తామే కార్టులు కట్టుచున్నారు. అట్టి జట్లకు ప్రత్యేకమైన పోటీలును మన దేశమున జరుగుచున్నవి. బడిపిల్లలు ఒంటరిగా ఈ పనికి పూనుకొనరాదు. వెల్డింగు తెలిసిన పెద్దవాని చేతిక్రింద, నలుగురైదుగురు జట్టుగా చేయవలెను. నలుగురు నెలకు అయిదేసివందలు కూడబెట్టిరనుకొందము, పదినెలలకు ఇరువదివేలగును. ఆ మొత్తమునంతయు ఇంజనుపై వెచ్చించుట తెలివితక్కువ. మూడవవంతు తీసి ప్రక్కనుంచుడు. టైర్లు అరుగును, గొలుసు తెగును, ఇరుసు వంగును. సొంతబండి కొనుటతో ఖర్చు ముగియదు, అప్పుడే మొదలగును.

నాలుగవ మెట్టు పోటీ. మన దేశమున మోటారు పందెములను పర్యవేక్షించు సంస్థ ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా. దాని యాజమాన్యమున జరుగు పోటీలకు ఆ సంస్థ లైసెన్సు పొందవలెను; మైనరులైనచో తలిదండ్రుల సమ్మతి వలయును. కోయంబత్తూరు, బెంగుళూరు, చెన్నపట్టణముల పథములు ఈ క్రీడకు ప్రసిద్ధములు. కొన్ని పథములవారు తమ బాడుగబండ్లతోనే పోటీలు జరుపుదురు. అందరికి ఒకేవిధమైన బండి లభించుటచే ధనికునకును పేదకును భేదము తగ్గును. మనవారు మొదట ఇట్టి పోటీలకే పోవుట మేలు.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వచ్చెదను. ఇంజను పాతదైనను, రంగు వెలసినను, టైర్లు ఇతరులు వాడినవైనను చింతలేదు. మూడింటియందు మాత్రము లోభము కూడదు: బ్రేకు, శిరస్త్రాణము, ఒంటికి తగిన దుస్తులు. బ్రేకు విషయమై ఒక లెక్క వినుడు. గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవు బండి బ్రేకు వేసిన పిమ్మట 6 మీటర్లలో నిలిచినచో, అదే బండి 60 కిలోమీటర్ల వేగమున 12 మీటర్లలో నిలుచునని అనుకొనకుడు. 24 మీటర్లు పట్టును. వేగము రెండింతలైన ఆపుదూరము నాలుగింతలగును. మీ భౌతికశాస్త్ర పుస్తకములోని గతిశక్తి సూత్రము చెప్పునది ఇదియే. శిరస్త్రాణము ముఖమంతయు కప్పునదై, పట్టీ బిగువుగానుండవలెను. ఒకమారు గట్టిదెబ్బ తిన్నదానిని మరల ధరింపరాదు. కావున ఇతరులు వాడినది ఎంత చౌకగా వచ్చినను కొనకుడు.

బాలికలు ఈ క్రీడకు బాలురవలెనే అర్హులు. అయితే కార్టు ఇరుసు ఆసనమునకు వెనుక తెరచియుండి వేగముగా తిరుగుచుండును. 2020వ సంవత్సరము అక్టోబరులో హైదరాబాదు నగరశివారున వినోదమునకై కార్టు నెక్కిన ఒక విద్యార్థిని, జడ చక్రమునకు చుట్టుకొనగా శిరస్సునకు దెబ్బతగిలి మరణించెను. ఇంటివారితో సంతోషముగా బయలుదేరిన పిల్ల! కనుక జడను ముడిచి, దుస్తులలోపల దాచి, శిరస్త్రాణము క్రింద బిగింపవలెను. చున్నీ, కండువా, వదులైన దుస్తులు ఇంటనే విడిచిరావలెను. పథమువారు తొందరపెట్టినను, వెనుక వరుసలో నిలిచినవారు విసుగుకొన్నను, ఇవి సరిచూచుకొనక బండిలో కూర్చుండకుడు. మంచి పథమునందు ఈ సంగతులు పనివారే సరిచూతురు. చూడని పథమునకు ఎంత చౌకయైనను పోవలదు.

తలిదండ్రులకొక మనవి. కార్టు రాజమార్గముపై నడుపుటకు ఉద్దేశింపబడినది కాదు. దానిని వీథిలోనికి తేనీయకుడు. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డకు మోటారుసైకిలు తాళపుచెవి ఇచ్చుటయు అట్టిదే. 2019లో సవరింపబడిన మోటారువాహనముల చట్టము ప్రకారము, మైనరు నేరము చేసినచో సంరక్షకునకు మూడేండ్లవరకు కారాగారమును, ఇరువదియైదువేల రూపాయల జుర్మానాయును విధింపవచ్చును. ఆ బిడ్డకు ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు లభింపదు. చట్టమునకు వెఱచియే కాదు, బిడ్డ ప్రాణమునకు వెఱచి చెప్పుచున్నాను. పథముపై ఎదురువచ్చు లారీ లేదు, అడ్డువచ్చు పశువు లేదు, దాటుచున్న ముసలమ్మ లేదు. బిడ్డ వేగము కోరినప్పుడు, ‘వద్దు’ అని ఊరకుండుటకంటె, ఏడాదికి రెండుమార్లు అట్టి చోటికి వెంటతీసికొనిపోవుట మేలు. ఇది షూమాకర్ తండ్రి నేర్పిన పాఠము.

విద్యార్థులారా! మీలో అందరును పందెగాండ్రు కాజాలరు. ఒకరైన అగుదురో లేదో చెప్పలేను. కాని చేతితో బండి కట్టినవానికి ఇనుము గుణము తెలియును. లెక్కవ్రాసి ఖర్చుచేసినవానికి పైకము విలువ తెలియును. మలుపునకు ముందే బ్రేకు వేయనేర్చినవాడు రేపు రాజమార్గముపై తానును బ్రతుకును, ఎదుటివానిని బ్రతుకనిచ్చును. మా బాలుర బేరింగుబండి ఇప్పటికిని షెడ్డులో నున్నది. రంగు వెలసిపోయినది, జెండా చినిగినది. బ్రేకు మాత్రము చక్కగా పట్టుచున్నది.