పోయింది డిస్కే కదా!

గోల్ఫ్ అనగానే మనకు పచ్చిక బయళ్లు, ఖరీదైన కర్రలు, కార్లలో వచ్చే పెద్దమనుషులు గుర్తొస్తారు. కర్రా బంతీ లేని గోల్ఫ్ కూడా ఒకటుంది. అదే డిస్క్ గోల్ఫ్. ఫ్రిస్బీ లాంటి పళ్లేన్ని విసురుతూ, దూరంగా ఉన్న బుట్టలో వీలైనన్ని తక్కువ విసుర్లతో వేయడమే ఈ ఆట. ప్రమాదం ఉన్న చోట ఎలా ఆడాలో ఈ ఆటకు కచ్చితమైన నిబంధనలున్నాయి. ఉప్పల్, నాచారం ఖాళీ జాగాల్లో క్రికెట్ ఆడే మనకు కూడా అవి పనికొస్తాయి.

ఆట పుట్టుక

1957లో అమెరికాలోని వామ్-ఓ కంపెనీ, ఫ్రెడ్ మారిసన్ రూపొందించిన ప్లాస్టిక్ డిస్కును అమ్మకానికి తెచ్చింది. తర్వాత అదే కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ దాన్ని మెరుగుపరిచాడు. మొదట్లో చెట్లు, స్తంభాలే గురి. 1975లో హెడ్రిక్ కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు ఏర్పాటు చేశాడు. గొలుసులు వేలాడే బుట్ట కూడా ఆయన తయారుచేసిందే. 1976లో ఈ క్రీడకు సంఘం ఏర్పడింది.

కోర్సులో సాధారణంగా 9 లేక 18 గురులుంటాయి. డిస్కు ఎక్కడ పడితే అక్కడి నుంచే మళ్లీ విసరాలి. ఎవరి విసుర్లు తక్కువైతే వాళ్లదే గెలుపు.

డిస్కు చిన్నదే కానీ...

గోల్ఫ్ డిస్కు మనం సరదాగా విసురుకునే ఫ్రిస్బీ కంటే చిన్నది, అంచు పలచన, గట్టిది. 21 సెంటీమీటర్ల డిస్కు బరువు 174 గ్రాముల వరకు ఉండవచ్చు. క్రికెట్ బంతి బరువు 163 గ్రాములకు మించదు. ఆరితేరిన ఆటగాళ్లు డిస్కును 100 మీటర్లు దాటించి విసురుతారు. అది తలకు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పాలా? అందుకే ఎవరికైనా తగిలే అవకాశం ఉంటే విసరకూడదన్నది నిబంధన. దారి కనబడని చోట ముందుగా ఒకరిని పంపి, అటు ఎవరూ లేరని చూసుకోవాలి.

హద్దు దాటితే?

రోడ్డు, చెరువు, పక్కవాళ్ల స్థలం వంటివాటిని కోర్సు వేసేవాళ్లు ముందే 'హద్దు బయట' అని ప్రకటించవచ్చు. డిస్కు అక్కడ పడితే ఒక విసురు అదనంగా లెక్కేస్తారు. హద్దు దాటిన చోటికి మీటరు లోపల నిలబడి ఆట కొనసాగించవచ్చు. పోయిన డిస్కునే తెచ్చి ఆడాలని లేదు. ఇంకో డిస్కుతో ఆడవచ్చు. డిస్కు పడ్డచోట పామో తేనెటీగలో ఉంటే శిక్ష లేకుండానే వెనక్కి జరిగి ఆడవచ్చు. రోడ్డు వైపు డిస్కులు పోకుండా, ఫలానా చెట్టుకు ఇటువైపు నుంచే పోనివ్వాలని కూడా నియమం పెడతారు.

అంటే ప్రమాదానికి ఈ ఆట కట్టిన వెల ఒక్క విసురు మాత్రమే.

మన దగ్గర సంగతి

2005 నవంబరులో ఉప్పల్ స్టేడియంలో మొదటి అంతర్జాతీయ వన్డే జరిగింది. అక్కడ బంతి హద్దు దాటితే ఆరు పరుగులు, తెచ్చివ్వడానికి మనుషులుంటారు. మన గల్లీలో మాత్రం 'కొట్టినోడే తేవాలి'. బంతి తలా కొంత చందా వేసుకుని కొన్నది. కాస్మెటిక్ ఛార్జీల్లో మిగుల్చుకున్న డబ్బులు కొందరివి. అందుకే బంతి పోతే ఊరుకోలేం. గోడ దూకేదీ నాలాలో దిగేదీ చాలాసార్లు అందరికంటే చిన్నవాడే.

ఎక్కడెక్కడ జాగ్రత్తపడాలో చూద్దాం.

చెరువు: ఉప్పల్ నల్లచెరువు లాంటి చోట్ల గుర్రపు డెక్క పరుచుకుంటే లోతు తెలియదు. అడుగున బురద కాలు పట్టేస్తుంది. ఈత వచ్చినా లాభం ఉండదు.

నాలా, మ్యాన్‌హోల్: మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కు ఆ వాసననే పట్టలేదు. వాసన లేదు కదా అని దిగడం ప్రాణాంతకం.

కరెంటు తీగలు: మన గదిలో 230 వోల్టులు, వీధి పెద్ద లైనులో 11,000. డిస్కో గాలిపటమో చిక్కుకుంటే ఇనుప ఊచతో, తడి కర్రతో తీయవద్దు. 1912కు ఫోన్ చేయాలి.

రైలు పట్టాలు: నాచారానికి దగ్గర్లోనే మౌలాలీ లైను ఉంది. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్తే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం 6 నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రైలు చట్టం కంటే ముందే వస్తుంది.

మనం చేయవలసింది

నిజానికి మన గల్లీ క్రికెట్‌లోనూ మంచి నియమం ఒకటుంది. బంతి ఫలానా వాళ్లింట్లో పడితే ఔట్! అది డిస్క్ గోల్ఫ్ హద్దు లాంటిదే. ఆంటీ తిట్లకు భయపడి పెట్టుకున్న ఆ నియమాన్ని నాలాకూ చెరువుకూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ వర్తింపజేద్దాం. 'కొట్టినోడే తేవాలి' అన్నది మాత్రం తీసేద్దాం. పోయిన బంతి ఖర్చు అందరిదీ. నెలకు తలా కొంచెం వేసి ఒక డబ్బాలో దాచుకుంటే సరిపోతుంది.

డిస్క్ గోల్ఫ్ ఆడి చూడాలంటే డబ్బు కూడా అక్కర్లేదు. హాస్టల్ ఆవరణలోనే, పి.ఇ.టి. సార్‌కు చెప్పి, టెన్నికాయిట్ రింగు తీసుకుని, బకెట్లు, పాత టైర్లు, సుద్దతో గుర్తుపెట్టిన చెట్లు 9 గురులుగా పెట్టుకోవచ్చు. ముందుగా హద్దులు గీసి, అందరికీ చెప్పి, తర్వాతే ఆట మొదలుపెట్టాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే వెంటనే వార్డెన్ సార్‌కు చెప్పి 108కి ఫోన్ చేయాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మనల్ని చదువుకోమని పంపి, సెలవులకు ఎప్పుడొస్తామా అని ఊళ్లో అమ్మానాన్నలు ఎదురుచూస్తుంటారు. బంతి పోతే ఇంకోటి కొనుక్కుందాం. ఆడుదాం, గెలుద్దాం, రాత్రి భోజనాల గంటకు అందరం వరుసలో ఉందాం.