పరదేశంలో పాతిక డాలర్ల దీపం

తెనాలిలో ముప్పయ్యేడు సంవత్సరాలు పాఠాలు చెప్పి, పింఛను పుచ్చుకుంటూ, ఒకరి ముందు చేయి చాచి ఎరగని మనిషిని నేను. అటువంటి నాకు, అమెరికా చేరిన మూడవ మాసంలో, రాత్రిపూట చదువుకోవడానికి ఒక దీపం కావలసివచ్చింది. దాని వెల 24 డాలర్లు.

మా అమ్మాయి కాపురం టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ నగరాన్ని ఆనుకుని ఉన్న అర్వింగ్‌లో. అక్కడి నుంచి అంగడికి నడిచి వెళ్లే ప్రసక్తి లేదు. కారు నడపడం నాకు రాదు. ఇక మిగిలింది ఇంటర్నెట్ బజారు. అల్లుడితో ఒక్క మాట అంటే మరునాటికి దీపం గుమ్మంలో ఉండేది. అతడు యోగ్యుడు, అడిగితే సంతోషించేవాడు కూడా. కాని ఈనాడు దీపం, రేపు గడ్డం బ్లేడ్లు, ఎల్లుండి మోకాలి పట్టీ. ప్రతి చిల్లర వస్తువుకూ అల్లుణ్ణి అడిగే మామగారి అవస్థ అనుభవించినవారికే తెలుస్తుంది. బ్యాంకులో డబ్బున్నది. అది ఖర్చుపెట్టే అధికారమే లేకపోయింది!

మొదట స్వదేశపు డెబిట్ కార్డుతో ప్రయత్నించాను. నిరాకరించింది. కారణం ఆలస్యంగా బోధపడింది. 2020లో రిజర్వు బ్యాంకు తెచ్చిన నిబంధన ప్రకారం, కొత్తగా ఇచ్చే కార్డులకు విదేశీ వినియోగం గాని, ఇంటర్నెట్ కొనుగోలు గాని ఉండవు. ఖాతాదారు కోరి తెరిపించుకోవాలి. తెరిపించబోతే బ్యాంకు ఓటీపీ పంపింది. ఆ ఓటీపీ నా భారతీయ నంబరుకు వెళ్లింది. ఆ సిమ్‌కు విదేశీ రోమింగ్ పెట్టించకుండానే నేను విమానమెక్కాను. తాళంచెవి ఇంట్లో పెట్టి తాళం వేసినవాడి తెలివి నాది.

పరదేశంలో వృద్ధుడి సొమ్ముకు అసలు కాపలాదారు పాస్‌బుక్కు కాదు, టెలిఫోన్ నంబరు. నంబరు మార్పించుకుందామని నా బ్యాంకుకు వ్రాస్తే సంతకాల ధ్రువీకరణ కావాలన్నారు. ఆ ఉత్తరప్రత్యుత్తరాలలో ఏడు వారాలు గడిచాయి. బయలుదేరే ముందే రోమింగ్ చేయించుకుని, సిమ్‌ను క్రమం తప్పక రీచార్జి చేస్తూ ఉంటే ఈ తిప్పలు లేవు. వాడకం లేకుండా 90 రోజులు గడిస్తే ఆ నంబరు రద్దు కావచ్చు, కొంతకాలానికి మరొకరి చేతిలో మోగనూవచ్చు.

మరొక సంగతి చాలామంది వాయిదా వేస్తారు. విదేశంలో స్థిరపడడానికి వెళ్లినవాడు మామూలు సేవింగ్స్ ఖాతాను అలాగే ఉంచుకోవడం విదేశమారక చట్టానికి విరుద్ధం. దాన్ని ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి. పింఛను అందులో పడుతుంది, పన్ను పోను అమెరికాకు పంపుకోవచ్చు. ఇందులో ఒక సౌకర్యమూ ఉంది: అమెరికాతో సహా పది దేశాల ఫోన్ నంబర్లతో యూపీఐ వాడుకోవడానికి ప్రవాసుల ఎన్ఆర్ఇ, ఎన్ఆర్ఓ ఖాతాలకు 2023లో అనుమతి లభించింది. తెనాలి ఇంటి కరెంటు బిల్లు ఇప్పుడు నేను అర్వింగ్ నుంచి కడుతున్నాను. అయితే ఆ యూపీఐతో అమెరికా అంగడిలో దీపం కొనలేను!

అందుచేత ఇక్కడి ఖాతా తప్పలేదు. మేము అమ్మాయి ద్వారా గ్రీన్ కార్డు మీద వచ్చినవాళ్లం కనుక తొమ్మిది అంకెల సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చింది. బ్యాంకువారు చిరునామాకు రుజువు అడిగారు. ఇంటి పత్రాలూ బిల్లులూ అన్నీ అల్లుడి పేరనే. చివరకు ప్రభుత్వ కార్యాలయం నుంచి నా పేర వచ్చిన ఒక ఉత్తరం ఆదుకుంది. అప్పటినుంచి నా పేర వచ్చిన ప్రతి కవరునూ మా ఆవిడ పదిలంగా దాస్తున్నది.

డెబిట్ కార్డు చేతికి వచ్చిన రాత్రి దీపానికి ఆర్డరు పెట్టాను. కార్డు అంకెలు, గడువు తేదీ, వెనుక ఉన్న మూడంకెలు, బిల్లు చిరునామా అడిగింది. అంతే! ఓటీపీ లేదు. మన దేశంలో 2009 ఆగస్టు నుంచి ఇంటర్నెట్ కార్డు చెల్లింపుకు రెండవ ధ్రువీకరణ తప్పనిసరి. దానికి అలవాటుపడిన నాకు గుండె ఝల్లుమంది. ఇక్కడ చాలా చోట్ల అంకెలు తెలిస్తే చాలు. చిరునామా మాత్రం బ్యాంకు వద్ద ఉన్నదానితో సరిపోవాలి. పిన్‌కోడు వంటి ఐదంకెల జిప్ కోడు తప్పితే కార్డు చెల్లకపోవచ్చు. 24 డాలర్ల దీపానికి పన్ను 8.25 శాతం కలిసి 25 డాలర్ల 98 సెంట్లు అయింది. ఇక్కడ చీటీ మీది వెల వేరు, చెల్లించే వెల వేరు.

ఓటీపీ లేని చోట రక్షణ ఏమిటని విచారించాను. రక్షణ చట్టంలో ఉన్నది. క్రెడిట్ కార్డును ఎవరైనా దొంగతనంగా వాడితే యజమాని బాధ్యత 50 డాలర్లకు మించదు. డెబిట్ కార్డు అలా కాదు. కార్డు పోయిందని తెలిసిన రెండు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే 50 డాలర్లు; జాగు చేస్తే 500 వరకు; లెక్కల పత్రం పంపిన 60 రోజుల తరువాత కూడా ఊరకుంటే, ఆపైన పోయినదంతా మనదే కావచ్చు. కనుక ఇంటర్నెట్ కొనుగోళ్లకు క్రెడిట్ కార్డే మేలు. అప్పంటే భయపడే తరం మాది. ఈ సలహా రుచించడానికి నాకు కొంతకాలం పట్టింది.

ఆ కార్డు మాత్రం వెంటనే ఎవరిస్తారు? నలభై ఏళ్లు పైసా బాకీ పడకుండా బతికిన చరిత్ర ఇక్కడ లెక్కలోకి రాదు. నేను బ్యాంకులో 300 డాలర్లు జామీనుగా ఉంచి, అంతే పరిమితిగల కార్డు తీసుకున్నాను. మన ఊళ్లో ఫిక్సెడ్ డిపాజిట్ మీద అప్పు తీసుకున్నట్టే. నెలనెలా పూర్తిగా చెల్లిస్తూ వస్తే కొత్త పరపతి ఏర్పడుతుంది.

ఇక వలలు. పన్నుల శాఖ అనీ, పోలీసులమనీ ఎవరో ఫోను చేసి, గిఫ్ట్ కార్డులు కొని వాటి మీది అంకెలు చెప్పమంటారు. గిఫ్ట్ కార్డులతో బాకీ వసూలు చేసే ప్రభుత్వ శాఖ ఏదీ లేదు. ఫోను పెట్టేయడమే పని.

దీపం వచ్చింది. దాని వెలుగులో చదువుకుంటుండగా మా ఆవిడ అడిగింది: “మీకేమైనా అయితే నేను ఒక మందుబిళ్ల కొనుక్కోవాలన్నా ఎవరిని అడగాలి?” నేను జవాబు చెప్పలేకపోయాను. ఖాతా ఉమ్మడిదే, కాని నంబరు నాది, సంకేతపదాలు నావి, కార్డు నాది.

ఆమెకు వేరే ఫోను, వేరే కార్డు ఏర్పాటు చేయబోతే తెలుగువాళ్లకు సొంతమైన చిక్కొకటి ఎదురైంది. ఆమె పాస్‌పోర్టులో ఇంటిపేరు వ్రాయించలేదు. అటువంటప్పుడు అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరుగా చేసి, అసలు పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యు’ అని వేస్తారు. మొదటిపేరు తెలియదని దాని అర్థం. ఆ మూడక్షరాలే గ్రీన్ కార్డులోకీ, అక్కడినుంచి బ్యాంకులోకీ ఎక్కాయి. ఈ లోపాన్ని స్వదేశంలో ఉండగానే, వీసా దరఖాస్తుకు ముందే సవరించుకోవడం ఎంతో తేలిక.

మొత్తానికి కార్డు వచ్చింది, ఎఫ్ఎన్‌యు అన్న బిరుదుతో సహా. ఆమె మొదట తెప్పించుకున్నది ఇంగువ డబ్బా. దాని ఖరీదెంతో ఇప్పటికీ నాకు చెప్పలేదు.