మీకు తెలుసా? నల్ల తినాలా వద్దా అన్నది క్రీ.శ. 49 నాటి ప్రశ్న!

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో యాటను కోస్తే నెత్తురును కూడా వండుతారు. అదే నల్ల. క్రైస్తవుల ఇళ్లలో మాత్రం దీని మీద తర్జనభర్జన ఉంటుంది.

ముందు బైబిలు ఆహార నియమాలు చూద్దాం. లేవీయకాండము 11వ అధ్యాయం పందిని, రెక్కలూ పొలుసులూ లేని జలచరాలను నిషేధించింది. ఆ లెక్కన కొర్రమీను తినొచ్చు. వాలుగ, రొయ్య కూడవు. సెవెంత్ డే అడ్వెంటిస్టులు నేటికీ దీన్నే పాటిస్తారు. మిగతా సంఘాల్లో ఎక్కువ భాగం పాటించవు.

కారణం, సుమారు క్రీ.శ. 49లో యెరూషలేములో జరిగిన సభ. యూదులు కాని విశ్వాసుల మీద ధర్మశాస్త్ర భారమంతా మోపకూడదని అపొస్తలులు తీర్మానించారు. అయినా ఆహారంలో మూడింటిని వద్దన్నారు: విగ్రహాలకు అర్పించినది, రక్తం, గొంతు పిసికి చంపినది. నల్ల మీద పేచీ ఇక్కడిదే. కాథలిక్ సభ 1442లో ఫ్లోరెన్సు మహాసభలో, ఆ రక్తనిషేధం అప్పటి అవసరం కోసమేనని తేల్చింది. మంచిర్యాల కేంద్రంగా 1999లో ఏర్పడ్డ ఆదిలాబాద్ సీరో మలబార్ మేత్రాసనానిదీ ఆ కాథలిక్ సంప్రదాయమే. రక్తం నేటికీ కూడదనే ప్రొటెస్టెంట్లూ ఉన్నారు.

మరి పక్కింటివాళ్లు పోచమ్మకు కోసిన కోడికూర పంపితే? నా దృష్టిలో అసలు చిక్కు ఇదే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయంలో అపొస్తలుడు పౌలు జవాబు సున్నితమైనది: పెట్టింది ఆరా తీయకుండా తినండి, అర్పించినదని ఎవరైనా చెబితే, ఆ చెప్పినవారి మనస్సాక్షి కోసం మానండి.