సీటు కింద లైఫ్‌జాకెట్ ఎవరికోసం?

వానాకాలం గాలి అందుకోగానే హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలు మొదలవుతాయి. ట్యాంక్‌బండ్ మీద ఆగి చూసేవాళ్ల కళ్లు తెరచాపల మీదే ఉంటాయి గానీ, పడవ నడిపే పిల్లల ఒంటి మీద బిగుతుగా ఉన్న జాకెట్లే చూడాల్సినవి. వాళ్లు ఈత రాక వేసుకున్నవి కావు. ఈ క్రీడకు ప్రపంచమంతటా వర్తించే నిబంధనలు ఈ విషయాన్ని విడదీసి చెబుతాయి: అందరికీ సరిపడా ప్రాణరక్షణ సామగ్రి పడవలో ఉండాలి, ఒంటి మీద జాకెట్ వేసుకునే పూచీ మాత్రం ఎవరిది వాళ్లదే. మన రేవుల్లో తరచూ మొదటి సగంతోనే సరిపెట్టుకుంటున్నారు. సీట్ల కింద జాకెట్లు లెక్కకు సరిపోతే చాలు, తాడు విప్పేస్తారు.

పెద్ద ఓడ మునగడానికి సమయం పడుతుంది కాబట్టి గంట కొట్టి, జనాన్ని పోగేసి, జాకెట్లు పంచవచ్చు. చిన్న పడవలో ఆ వెసులుబాటు లేదు. ఒక్కరే నడిపే లేజర్ పడవ పొడవు 4.2 మీటర్లు, దాని డొల్ల బరువు 60 కిలోలకు లోపే. ఈదురుగాలి తగిలినప్పుడు తెరచాప తాడు వదలడం కాస్త ఆలస్యమైతే చాలు, క్షణాల్లో పక్కకు ఒరిగిపోతుంది. అప్పుడు సీటు కింది జాకెట్ బోర్లాపడిన పడవ కింద ఉంటుంది. అది చేతికి దొరికినా, ఒక చేత్తో పడవ పట్టుకుని, రెండో చేత్తో జిప్పు లాగి, నడుము పట్టీ బిగించడం ఎంత కష్టమో ఈతకొలనులో ప్రయత్నించినా తెలుస్తుంది. అమెరికా తీరరక్షక దళం లెక్కల ప్రకారం 2022లో అక్కడ విహార పడవల ప్రమాదాల్లో 636 మంది చనిపోయారు. కారణం తెలిసిన మరణాల్లో నాలుగింట మూడొంతులు నీట మునిగి సంభవించినవే. అలా మునిగినవారిలో జాకెట్ సంగతి నమోదైనవాళ్లను చూస్తే, 85 శాతం మంది ఒంటి మీద అది లేదు.

జాగ్రత్తపరులే జాకెట్ వేసుకుంటారు, వాళ్లు ఎలాగూ బతికేవాళ్లేనని ఈ అంకెల మీద వాదించవచ్చు. అందులో కొంత నిజముంది. అయినా తెరచాప అడుగున అడ్డంగా ఉండే కర్ర విసురుగా తిరిగి తలకు తగిలితే జాగ్రత్తా పనికిరాదు, ఈతా పనికిరాదు. జాకెట్లన్నీ ఒకటి కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. పోటీల్లో వేసుకునే, 50 న్యూటన్ల తేలుడు బలం ఉన్న రకం స్పృహ ఉన్నవాణ్ని తేలుస్తుందే తప్ప, స్పృహ తప్పినవాణ్ని వెల్లకిలా తిప్పుతుందన్న భరోసా లేదు. రక్షణ పడవ దగ్గరలోనే తిరిగే చెరువుకు అది చాలు. సముద్రానికి 150 న్యూటన్లది కావాలి. ఏ రకమైనా వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. చెవుల దాకా వస్తే పట్టీ వదులుగా ఉన్నట్టే, నీళ్లలో అది మొహం మీదికి ఎక్కుతుంది.

ఉక్కపోత అనే అభ్యంతరానికి పెద్ద జవాబు అక్కర్లేదు. ఫైబర్ తెప్ప మీద వేటకు పోయే మత్స్యకారుడి అభ్యంతరాన్ని మాత్రం కొట్టిపారేయలేం. దిమ్మెల్లాంటి నారింజ రంగు జాకెట్‌తో వల లాగలేడు. పట్టీ వల కన్నుల్లో చిక్కుకుంటే వలతో పాటు తనూ నీళ్లలోకి పోతాడు. అది బద్ధకం కాదు, అనుభవం చెప్పే భయం. అతనికి కావలసింది నడుముకు కట్టుకునే సన్నటి రకం, గ్యాస్‌తో ఉబ్బేది. దాని ఖరీదు ఎక్కువ, పైగా ఉప్పుగాలికి సిలిండర్ తుప్పు పట్టకుండా చూసుకుంటూ ఉండాలి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద పడవలకు భద్రతా కిట్ల సాయం ఉంది. ఆ డబ్బు ఎవరూ తొడుక్కోని జాకెట్ల మీద కాకుండా ఇలాంటివాటి మీద పెట్టాలి.

కప్పున్న పడవల సంగతి వేరు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన పర్యాటక బోటులో 77 మంది ఉంటే 26 మందే బయటపడ్డారు. మూసిన గదిలో తేలే జాకెట్ మనిషిని పైకప్పుకు అదిమేయగలదు కూడా. అక్కడ తలుపులు, కిటికీలు, జనం లెక్క ముందు చూడాలి. నెత్తిన ఆకాశం తప్ప మరేమీ లేని తెరచాప పడవలో ఆ సాకు చెల్లదు. మిగతా సామగ్రిలోనూ అత్యవసరమైనది ఒంటి మీదే ఉండాలి. ఈల జాకెట్‌కే కట్టి ఉండాలి. ఫోన్ నీళ్లు దూరని సంచిలో మెడలో వేలాడాలి, అందులో తీరరక్షక దళం నంబరు 1554 ఉండాలి. మోటారు ఉన్న పడవలో, నడిపేవాడు పడిపోతే ఇంజిన్ ఆపే తాడు అతని మణికట్టుకే ఉండాలి. నీళ్లు తోడే డబ్బా, తెడ్డు, లంగరు మాత్రం పడవలోనే ఉంటాయి. వాటినీ తాడుతో కట్టెయ్యాలి, లేకపోతే పడవ బోర్లాపడగానే అవీ ఏటి పాలే.