ఫాస్ట్ బౌలర్ల నడుము గాయాలు: కారణాలు, చికిత్స

ఆటగాళ్లకు వచ్చే నడుము నొప్పిని అందరికీ వచ్చే నడుము నొప్పిలాగే చూసి, నూనె మర్దనతోనో నొప్పి మాత్రలతోనో సరిపెట్టడం వల్ల సకాలంలో మానవలసిన గాయాలు ముదిరిపోతున్నాయి. పెద్దవాళ్ల నడుము నొప్పికి చాలా సందర్భాల్లో ఫలానా ఎముక, ఫలానా నరం అని వేలు పెట్టి చూపగల కారణం దొరకదు. అది కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ఎదిగే వయసులో కఠిన సాధన చేసేవారి సంగతి వేరు. 1995లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం నడుము నొప్పితో వైద్యులను ఆశ్రయించిన కౌమార క్రీడాకారుల్లో 47 శాతం మందికి వెన్నుపూస వెనుక భాగంలో ఎముక పగులు కనిపించగా, అదే నొప్పితో వచ్చిన పెద్దవాళ్లలో అది 5 శాతం మందికే కనిపించింది. జిమ్నాస్టిక్స్, వెయిట్‌లిఫ్టింగ్, కుస్తీ, డైవింగ్ వంటి క్రీడలన్నింటిలోనూ ఈ గాయం ఉన్నా, దాని స్వభావం అత్యంత స్పష్టంగా తెలిసేది క్రికెట్‌లోని ఫాస్ట్ బౌలర్లలోనే.

గాయం ఎక్కడ, ఎందుకు

నడుము భాగంలో అయిదు వెన్నుపూసలు ఉంటాయి. పైభాగపు బరువంతా వాటి మీదుగానే కాళ్లకు చేరుతుంది కనుక, అన్నిటికంటే కింద ఉన్న నాలుగో, అయిదో పూసల మీద ఒత్తిడి ఎక్కువ. ప్రతి పూసకూ వెనుకవైపు పై కీలునూ కింది కీలునూ కలుపుతూ ఇరుపక్కలా ఒక సన్నని ఎముక భాగం ఉంటుంది. వైద్యులు దీన్ని పార్స్ అంటారు. ఒక్కసారి తగిలిన దెబ్బ వల్ల కాక, పదేపదే పడే ఒత్తిడి వల్ల ఈ భాగంలో ఏర్పడే పగులునే స్ట్రెస్ ఫ్రాక్చర్ అనీ, అది పూర్తి విరుపుగా మారిన స్థితిని స్పాండిలోలిసిస్ అనీ వ్యవహరిస్తారు.

కుడిచేతి బౌలర్ బంతి విసిరే క్షణంలో ఎడమ పాదం నేలను బలంగా తాకుతుంది; ఆ తాకిడికి నేల నుంచి తిరిగి వచ్చే శక్తి అతని శరీర బరువుకు అనేక రెట్లు ఉంటుంది. సరిగ్గా అదే సమయంలో నడుము కొంత వెనక్కు విరుచుకుని, ఎడమ పక్కకు వంగి, మెలి తిరుగుతుంది. ఈ మూడు కదలికలూ కలిసిన ఒత్తిడి ఎడమవైపు పార్స్ మీద కేంద్రీకృతమవుతుంది కాబట్టే, ఫాస్ట్ బౌలర్లలో పగులు ఎక్కువగా బంతి వేసే చేతికి ఎదుటి పక్కనే వస్తుంది. తుంటి ఒక దిశలో, భుజాలు మరో దిశలో తిరిగి ఉండే మిశ్రమ శైలి ఈ ప్రమాదాన్ని పెంచుతుందని ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధనలు దశాబ్దాల కిందటే సూచించాయి.

ఒత్తిడి పడిన ఎముక తనను తాను పునర్నిర్మించుకుంటుంది. అయితే ఆ క్రమంలో ముందుగా పాత ఎముక తొలగిపోతుంది, కొత్త ఎముక ఏర్పడి గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో ఆ భాగం మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. వెన్నెముక ఇంకా పూర్తి గట్టిదనం సంతరించుకోని వయసులో బౌలింగ్ భారం ఒక్కసారిగా పెరిగితే ఎముకకు కోలుకునే వ్యవధి దొరకదు. 2011లో జొహానెస్‌బర్గ్‌లో 18 ఏళ్ల వయసులో తొలి టెస్టు ఆడి, రెండో ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీసిన ఆస్ట్రేలియా బౌలర్ పాట్ కమిన్స్, వెన్నులో పదేపదే వచ్చిన పగుళ్లు ప్రధాన కారణంగా, రెండో టెస్టు కోసం 2017 వరకు, రాంచీ మ్యాచ్ దాకా, ఎదురుచూడవలసి వచ్చింది.

నిర్ధారణ, చికిత్స

తొలి దశలో నొప్పి నడుముకు ఒక పక్కనే ఉండి, బౌలింగ్ తర్వాత పెరిగి, విశ్రాంతితో తగ్గుతుంది. నడుము వెనక్కు విరిచినప్పుడు ఎక్కువవుతుంది. కండరం పట్టేసిందన్న భ్రమ కలిగేది ఈ దశలోనే. సాధారణ ఎక్స్‌రేలో తొలి పగులు తరచుగా కనిపించదు. ఎముక లోపల పెరిగిన నీటిశాతాన్ని చూపగల ఎంఆర్‌ఐ, పగులు ఏర్పడకముందే ఎముక ఒత్తిడికి లోనవుతున్న సంగతిని పట్టిస్తుంది. పగులు ఎంతవరకు సాగింది, మానుతోందా అన్నది సీటీ స్కాన్ స్పష్టం చేస్తుంది.

చికిత్సలో మొదటి మెట్టు బౌలింగ్‌ను పూర్తిగా ఆపడం. కొన్ని వారాల్లోనే నొప్పి పోయినా ఎముక అతకడానికి నెలలు పడుతుంది. నొప్పి లేదన్న ధైర్యంతో మైదానంలోకి దిగినవారిలోనే పగులు తిరగబెడుతుంది. నొప్పి తగ్గాక పొట్ట, వీపు, తుంటి కండరాలను బలపరిచే వ్యాయామాలు, ఆ తర్వాత పరుగు, ఆపైన రోజు విడిచి రోజు కొద్ది బంతులతో తక్కువ వేగపు బౌలింగ్, ఇలా దశలవారీగా సాగే ఈ క్రమానికి సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలలు, కొందరికి అంతకు మించి కూడా పడుతుంది. తొలి దశలో గుర్తించిన, ఒక పక్కకే పరిమితమైన పగులు చాలావరకు చక్కగా మానుతుంది. రెండు పక్కలా విరిగితే పూస ముందుకు జారే ప్రమాదం ఉంది. 1973లో వెస్టిండీస్ పర్యటనలో వెన్ను పగుళ్లతో కూలిపోయిన ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెనిస్ లిల్లీ, ప్లాస్టర్ కట్టులోనూ, ఆపైన క్రమబద్ధమైన వ్యాయామంలోనూ గడిపి, 1974-75 యాషెస్‌లో తిరిగి నిలిచాడు. 1984లో విరమించేనాటికి ప్రపంచ రికార్డుగా 355 టెస్టు వికెట్లు సాధించాడు.

విశ్రాంతితో మానని పగుళ్లకే శస్త్రచికిత్స అవసరమవుతుంది. సాధారణంగా పగిలిన చోట తుంటి నుంచి తీసిన ఎముకను చేర్చి, టైటానియం స్క్రూలతోనో తీగతోనో బిగిస్తారు. 2019లో వెన్నులో చిన్న పగులుతో ఆటకు దూరమైన భారత ఫాస్ట్ బౌలర్ జస్‌ప్రీత్ బుమ్రా, 2022లో వెన్ను గాయంతో ఆసియా కప్ ఆడలేకపోయి, సెప్టెంబరులో తిరిగి వచ్చి రెండు మ్యాచ్‌లు ఆడాక మళ్లీ గాయపడి టీ20 ప్రపంచ కప్‌కూ దూరమయ్యాడు. 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో శస్త్రచికిత్స చేయించుకుని ఆగస్టులో ఐర్లండ్‌లో తిరిగి ఆడిన అతడు, 2024 టీ20 ప్రపంచ కప్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు.

నడుము గాయాలన్నీ పగుళ్లే కావు. పూసల మధ్య ఉండే డిస్కు ఉబ్బి నరాన్ని నొక్కినప్పుడు నొప్పి పిరుదు మీదుగా కాలిలోకి పాకుతుంది. దీన్నే సయాటికా అంటారు. బరువులెత్తేవారిలో తరచుగా కనిపించే ఈ సమస్య ఎక్కువమందిలో శస్త్రచికిత్స లేకుండానే తగ్గుతుంది. అయితే కాలిలో బలం తగ్గుతున్నా, తొడల మధ్య స్పర్శ పోయినా, మూత్రం, మలం మీద అదుపు తప్పినా, ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరాలి.

నివారణ

2009లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒకే మ్యాచ్‌లో 50 ఓవర్లకు మించి వేసిన బౌలర్లకు తర్వాతి మూడు వారాల్లో గాయాల ప్రమాదం గణనీయంగా పెరిగింది. భారం పడినప్పుడు కాక, ఆ తర్వాత కొన్ని వారాలకు గాయం బయటపడుతుందన్న ఈ సంగతి శిక్షకులు ముఖ్యంగా గమనించవలసినది. ఇంగ్లండ్ బోర్డు మార్గదర్శకాలు 13 ఏళ్ల లోపు పిల్లలకు ఒక స్పెల్‌లో 5 ఓవర్లు, రోజుకు 10 ఓవర్లు అన్న పరిమితి పెట్టాయి. మ్యాచ్‌లో వేసిన బంతులతో పాటు నెట్స్‌లో వేసినవీ లెక్కలోకి రావాలి. ఒకే వారంలో పాఠశాల జట్టుకూ అకాడమీకీ టోర్నమెంటుకూ ఆడే పిల్లవాడి మొత్తం లెక్క ఒక్కరి దగ్గరైనా ఉండాలి. తగినంత నిద్ర, కాల్షియం, డి విటమిన్ ఎముకకు ఎంత అవసరమో, చాలినంత తిండి కూడా అంతే అవసరం. శ్రమకు తగిన ఆహారం లేక నెలసరి ఆగిపోయిన క్రీడాకారిణుల ఎముకలు త్వరగా బలహీనపడతాయి.

హైదరాబాద్‌లోనైనా, విశాఖలోనైనా, చిన్న పట్టణంలోనైనా పిల్లలకు ఫాస్ట్ బౌలింగ్ నేర్పే శిక్షకులూ, వారి తల్లిదండ్రులూ ఒక్క నియమాన్ని తప్పక పాటించాలి: నడుముకు ఒక పక్కన నొప్పి రెండు వారాలకు మించి ఉంటే, ఎముక గాయం లేదని వైద్యుడు తేల్చే వరకు ఆ పిల్లవాడి చేతికి బంతి ఇవ్వకూడదు.