మీకు తెలుసా? పైన ఒకవైపు, కింద మరోవైపు
చైనాలోని హెనాన్ ప్రావిన్స్‌లో ఉన్న చెన్ గ్రామం తైచీ అనే యుద్ధవిద్యకు పుట్టిల్లుగా పేరుపొందింది. 2020లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఈ విద్యలో ఎనిమిది రకాల బలాలు చెబుతారు. వాటిలో 'లియె' చూడండి. ప్రత్యర్థి కాలి వెనక మన కాలు అడ్డం పెట్టి, అదే క్షణంలో అతని ఛాతీని పక్కకు తిప్పుతూ వెనక్కి నెట్టాలి. పైభాగం అటు, కిందిభాగం ఇటు! అడుగు వెనక్కి వేద్దామంటే చోటుండదు, వెల్లకిలా పడాల్సిందే. 'త్సాయ్' అంటే మణికట్టు, మోచేయి పట్టుకుని ఒక్కసారిగా కిందికి గుంజడం. ముందుకు తూలిన మనిషి బిగుసుకుని వెనక్కి లేస్తాడు కదా, ఆ ఊపు మీదే 'ఖావ్'. అంటే భుజంతో గుద్దడం. చెయ్యి చాపే సందు కూడా లేనంత దగ్గరైనప్పుడే దీని పస తెలుస్తుంది. పార్కుల్లో తాతయ్యలు నిదానంగా చేసే తైచీ కదలికల్లో ఇవన్నీ ఉన్నాయి, చూసేవాళ్లకు అందవంతే.

ఇక పడగొట్టడమే పనిగా సాగే షువాయ్ జియావ్ అనే చైనా కుస్తీలో ప్రత్యర్థి వేసుకున్న పొట్టి చొక్కా పట్టుకుని పడగొడతారు. పడ్డాక నేలమీద పెనుగులాట ఉండదు, లేచి మళ్లీ మొదలెట్టాలి.