పాత కారుకు కొత్త రేడియేటరు

వేలూరులో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటడం కొత్త కాదు. అటువంటి వేళ రోగిని ఆసుపత్రికి తీసుకువెళ్తున్న పాత కారు, పరదరామి–గుడియాత్తం దారిలో ఆవిరి కక్కుతూ నిలిచిపోతే ఆ కుటుంబానికి దిక్కెవరు? తరచు ఇందుకు కారణం రేడియేటరు పగులే.

అంబాసిడరు వంటి కార్లలోని ఇత్తడి, రాగి రేడియేటరును టంకం పెట్టి బాగుచేయవచ్చు. ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే మార్చడమే ఉత్తమం. అంబాసిడరు, మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. కాబట్టి పాతదాన్ని దుకాణానికి తీసుకువెళ్లి, కొలతలు సరిచూసి కొనడం మేలు.

ఇంజను పూర్తిగా చల్లారిన పిదపనే మూత తీయాలి. లోపలి ఒత్తిడి వల్ల నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత విప్పగానే ఎగజిమ్మి ముఖాన్ని కాల్చివేస్తుంది. ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, కూలెంటును బేసినులోకి దింపాలి. తరువాత గొట్టాలు, ఫ్యాను, బోల్టులు వరుసగా విప్పాలి. కొత్తది బిగించేటప్పుడు గట్టిపడిన గొట్టాలను, క్లిప్పులను కూడా మార్చాలి.

గాఢమైన కూలెంటైతే డిస్టిల్డ్ వాటరుతో సగానికి సగం కలిపి నింపాలి. బోరునీటిలోని సున్నం సన్నని గొట్టాలను పూడ్చివేస్తుంది. బ్యాటరీ వైరు తగిలించి, మూత తెరిచి ఇంజను నడిపితే గాలిబుడగలు వెలుపలికి వస్తాయి. తగ్గిన మేరకు నింపి మూయాలి.

పాత కూలెంటు తియ్యని విషం. పిల్లలు గాని, పశువులు గాని రుచి చూస్తే మూత్రపిండాలు చెడి ప్రాణమే పోవచ్చు. ఆ బేసినును క్షణమైనా వాకిట విడువరాదు, కాలువలో పోయరాదు. మొదటి వారం ప్రతి ఉదయం కూలెంటు మట్టం చూసుకున్నాకే దూరప్రయాణం తలపెట్టాలి.